షార్ట్‌వేవ్ రేడియో కొనబోయే ముందు

ఈమధ్య ఒక మిత్రుడు ఫోను చేసి, "ఇంట్లో పెట్టుకొని వినడానికి మంచి షార్ట్‌వేవ్ రేడియో ఒకటి చెప్పవయ్యా. పెద్దది వద్దు, చేత్తో పట్టుకొని ఈ గదిలోంచి ఆ గదిలోకి తీసుకువెళ్ళగలిగేది కావాలి" అని అడిగాడు. రెండు వాక్యాలలో జవాబు చెప్పి ఊరుకోవలసిన ప్రశ్నే. కాని ఆ రెండు వాక్యాలు నా నోట రాలేదు. ఈ విషయంలో నేను ఒకసారి చాలా తెలివిగా ఆలోచించాను. నెల రోజులపాటు వివరాలు సేకరించి, ఒకదానితో ఒకటి పోల్చి చూసి, నిజంగానే మంచి రేడియో కొన్నాను. అది మా కారేపల్లి ఇంట్లో 11 వారాలు మూగగా పడి ఉంది. రేడియో చెడిపోలేదు. సెల్లులు అయిపోలేదు. తప్పు నాది. ఆ తప్పేమిటో చెబితే తప్ప మిత్రునికి జవాబు చెప్పినట్లు కాదని, కొంచెం పొడుగైనా, ఇది వ్రాస్తున్నాను.

కారేపల్లి ఎక్కడుందో తెలియనివారికి ఒక మాట. ఖమ్మం నుండి భద్రాచలం అడవుల వైపు వెళ్ళే దారిలో, సింగరేణి మండలానికి కేంద్రం మా ఊరు. డోర్నకల్ నుండి భద్రాచలం రోడ్డుకు పోయే రైలుమార్గంలో ఇదొక జంక్షను. ఇల్లెందు వైపు పోయే శాఖ ఇక్కడే చీలుతుంది. 1871లో విలియం కింగ్ అనే భూగర్భశాస్త్రవేత్త ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు జాడ కనిపెట్టకపోయి ఉంటే ఆ పట్టాలు ఉండేవి కావు. ఆ పట్టాల మీద మా నాయనకు పాయింట్స్‌మన్ ఉద్యోగమూ ఉండేది కాదు. 1940లో పుట్టినవాడు. నిజాం కాలపు బడిలో మూడేళ్ళు ఉర్దూలో చదివాడు. ఆ ఉర్దూ చలవ వల్ల హిందీ వార్తలు జీవితాంతం తేలికగా అర్థమయ్యాయి. రాత్రి డ్యూటీలలో బండి ఎంత దూరంలో ఉన్నదో పట్టాల చప్పుడును బట్టి చెప్పగలిగేవాడు. చెవి మీద ఆయనకు అంత నమ్మకం.

మా ప్రాంతంలో రేడియో వినడమంటే పూర్వం కొంత శ్రమతో కూడిన పని. పటం మీద గీత గీస్తే హైదరాబాదు మాకు పడమరగా సుమారు 190 కిలోమీటర్లు. విజయవాడ దక్షిణంగా, కొద్దిగా తూర్పుకు ఒరిగి, సుమారు 120 కిలోమీటర్లు. హైదరాబాదు కేంద్రాన్ని ఆకాశవాణి 1950లో నిజాం ప్రభుత్వపు దక్కన్ రేడియో నుండి స్వీకరించింది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలయింది. జిల్లా తెలంగాణది అయినా మా ఇంట్లో మీడియం వేవ్ మీద విజయవాడే ఎక్కువ స్పష్టంగా వినిపించేది. అందుకే పన్యాల రంగనాథరావు గొంతు మాకు ఇంటి మనిషి గొంతులాగా అలవాటయింది. ఆదివారం మధ్యాహ్నం సంక్షిప్త శబ్దచిత్రం వస్తుంటే మా వాకిట్లో చాప వేయవలసి వచ్చేది. కొత్తగూడెంలో ఆకాశవాణి కేంద్రం 1989లో గాని రాలేదు.

షార్ట్‌వేవ్ అవసరం ఎందుకు కలిగిందంటే, మీడియం వేవ్ పగటిపూట నేలను అంటిపెట్టుకొని ప్రయాణిస్తుంది. దూరం పెరిగేకొద్దీ నేల దాని బలాన్ని తినివేస్తుంది. షార్ట్‌వేవ్ అలా కాదు. ఆకాశంలోకి ఎగిరి, పైన అయనావరణం అనే పొరను తాకి, తిరిగి నేలకు దిగుతుంది. నడుమ ఏ కొండ ఉన్నా, ఏ అడవి ఉన్నా దానికి లెక్క లేదు. అందుకే హైదరాబాదు కేంద్రం 4800 కిలోహెర్ట్జ్ మీద, అనగా 62.5 మీటర్ల మీద, షార్ట్‌వేవ్‌లో కూడా ప్రసారం చేసేది. ప్రొద్దున, సాయంత్రం అది మా ఊళ్ళో మీడియం వేవ్ కంటె బాగా వినిపించిన రోజులు నాకు జ్ఞాపకం. మిట్టమధ్యాహ్నం ఎండలో క్రింది పొర ఒకటి బలపడి ఇటువంటి తక్కువ పౌనఃపున్యాలను పీల్చివేస్తుంది. అప్పుడు 19, 16 మీటర్ల వంటి ఎక్కువ పౌనఃపున్యాల వైపు పోవాలి. రాత్రికి మళ్ళీ 49, 41 మీటర్ల వైపు దిగి రావాలి. ఈ శాస్త్రమేదీ నాయన చదవలేదు. కాని ప్రొద్దు ఎక్కడున్నదో చూసి ముల్లును ఏ వైపు తిప్పాలో ఆయనకు తెలుసు.

అమ్మకు రేడియో సిలోన్ కావాలి. 1952లో ఆకాశవాణి సినిమా పాటలకు తలుపు మూసిన నాటి నుండి సిలోన్ సంగతి దేశమంతటికీ తెలిసినదే. తెలుగువారికి మాత్రం సిలోన్ అంటే మీనాక్షి పొన్నుదురై గొంతు. నాయనకు బీబీసీ హిందీ కావాలి. ఆ పట్టుదలకు ఒక తేదీ ఉన్నది. 1984 అక్టోబరు 31న ఇందిరాగాంధీ మరణవార్తను ఆకాశవాణి సాయంత్రం దాకా చెప్పలేదు. అంతకు చాలా ముందే బీబీసీ చెప్పింది. ఆ పగలు స్టేషన్లో నాయన తన ట్రాన్సిస్టర్ చుట్టూ మూగిన జనానికి హిందీ వార్తను తెలుగులో చెబుతూ నిలబడ్డాడట. ఆ తరువాత ఆయన సాయంత్రం 7.30 వార్తలు తప్పిపోయిన రోజులు బహు కొద్ది. 2011లో బీబీసీ హిందీ షార్ట్‌వేవ్ ప్రసారాలను ఆపేస్తామని ప్రకటించి, శ్రోతల నిరసన తరువాత సాయంత్రపు గంటను మాత్రం నిలిపి ఉంచారు. ఆ సంగతి ఆయన తన సొంత దావా గెలిచినట్లు చెప్పుకున్నాడు.

ఇంతకాలమూ ఇంట్లో పని చేసినది తోలు సంచిలో ఉండే మూడు బ్యాండ్ల పాత ట్రాన్సిస్టర్. ఏటేటా పోస్టాఫీసులో లైసెన్సు కట్టిన కాలపుది. దాని గాజు మీద నాయన సున్నంతో మూడు చుక్కలు పెట్టుకున్నాడు. ఒకటి విజయవాడకు, ఒకటి సిలోనుకు, ఒకటి బీబీసీకి. అమ్మ పోయిన తరువాత కూడా సిలోను చుక్కను చెరపలేదు. 2015 నాటికి నీటికాసుల వలన ఆయన చూపు చాలావరకు పోయింది. వెలుతురు, మనుషుల ఆకారాలు తెలుస్తాయి. అక్షరాలు తెలియవు. చుక్కలు కనిపించకపోయినా చెయ్యి తన దారిన తాను పోయి స్టేషన్ పట్టుకునేది. 2018 వేసవిలో ఆ సెట్టు బ్యాండు మార్చే మీట పూర్తిగా అరిగిపోయింది. ఊళ్ళో రేడియోలు బాగుచేసేవాళ్ళు అప్పటికే సెల్‌ఫోను మరమ్మతులలోకి మారిపోయారు.

"ఇంకా రేడియో ఎందుకు, సెల్‌ఫోనులోనే అన్నీ వస్తాయి కదా" అని చాలామంది అన్నారు. చూపున్నవారికి వస్తాయి. చూపు లేని చేతికి ఆ నున్నటి అద్దం మీద ఏముంటుంది? పైగా గాలివాన వస్తే మా ఊళ్ళో ముందుగా పోయేది కరెంటు, ఆ తరువాత సిగ్నలు. రేడియోయే కొనాలని నిశ్చయించాను.

ఇక నా తెలివి మొదలయింది. నెల రోజులు అంతర్జాలంలో చదివాను. చదివినదంతా నిజమే కనుక, కొనదలచినవారికి పనికివస్తుంది కనుక, సంగ్రహంగా చెబుతాను. మొదటిది ప్రతిబింబ స్టేషన్ల బాధ. చౌక రేడియోలు వచ్చిన సంకేతాన్ని ఒకేసారి 455 కిలోహెర్ట్జ్‌కు దించి పని జరుపుతాయి. దీని ఫలితంగా బలమైన స్టేషన్ ఏదైనా తన అసలు చోటుననే గాక, దానికి 910 కిలోహెర్ట్జ్ దిగువన కూడా వినిపిస్తుంది. 11905 మీద ఉండవలసిన సిలోను 10995 మీద కూడా పలుకుతుందన్నమాట. అక్కడ మరొక బలహీనమైన స్టేషన్ ఉంటే దాన్ని మింగేస్తుంది. రెండంచెలలో దించే రేడియోలలో ఈ బాధ చాలా తక్కువ. రెండవది ప్రక్క స్టేషన్లను వేరుచేసే శక్తి. షార్ట్‌వేవ్‌లో స్టేషన్లు 5 కిలోహెర్ట్జ్‌ల ఎడంతో కిక్కిరిసి ఉంటాయి. వెడల్పు, ఇరుకు అని రెండు రకాల వడపోత ఉంటే, ప్రక్కవాడు అరుస్తున్నప్పుడు ఇరుకుకు మార్చుకోవచ్చు. మూడవది అంకెలలో ట్యూనింగు. కావలసిన పౌనఃపున్యాన్ని బొత్తాలతో కొట్టి నేరుగా అక్కడికి పోవచ్చు. దాన్ని మెమొరీలో దాచుకోవచ్చు.

ఈ లక్షణాలన్నీ ఉన్న ఒక చిన్న సెట్టు తెప్పించాను. మెమొరీలు వందల కొద్దీ ఉన్నాయి. నా ఉపాయమేమిటంటే, నాయన ముల్లు తిప్పే శ్రమ లేకుండా ఒకటవ బొత్తానికి బీబీసీ, రెండవదానికి విజయవాడ, మూడవదానికి కొత్తగూడెం కట్టేయడం. జూన్‌లో ఊరికి పోయి అలాగే చేశాను. నాయన వేలు పట్టుకొని బొత్తాలు లెక్క పెట్టించాను. ఒకటి నొక్కగానే బీబీసీ గంట కొట్టినట్లు పలికింది. నాయన ముఖం చూసి నేను చాలా గర్వపడ్డాను. చూపు పోయిన మనిషికి చూపుతో పనిలేని ఏర్పాటు చేశానని హైదరాబాదు తిరిగి వచ్చి నలుగురికీ చెప్పుకున్నాను కూడా.

2019 సంక్రాంతికి మళ్ళీ వెళ్ళాను. సాయంత్రం 7.30 అయింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. రేడియో ఏదని చూస్తే గూట్లో తువాలులో చుట్టి పెట్టి ఉంది.

"వింటలేవా నాయనా?"

"సెల్లులు అయిపోయినయి రా."

"చెబితే తెచ్చేవాణ్ణి కదా."

"ఏముందిరా వినేటందుకు. ఎప్పుడూ ఉండే వార్తలేగా."

సెల్లులు తీసి చూశాను. బాగానే ఉన్నాయి. రెండవ బొత్తాం నొక్కితే బాతుల అరుపులాంటి వింత ధ్వని వచ్చింది. హ్యాము రేడియోవారి సంభాషణలు వినడానికి ఉండే ఒక మీట ఎలాగో నొక్కుకొని ఉంది. దాన్ని సరిచేస్తే విజయవాడ పలికింది. ఒకటవ బొత్తాం నొక్కాను. బీబీసీ లేదు. ఏమీ లేదు.

కారణం కనుక్కోవడానికి నాకు అరగంట పట్టింది. అంతర్జాతీయ షార్ట్‌వేవ్ ప్రసారాలకు ఏడాదిలో రెండు ఋతువులు. మార్చి చివరి ఆదివారం ఒకసారి, అక్టోబరు చివరి ఆదివారం ఒకసారి స్టేషన్లు తమ పౌనఃపున్యాలను మార్చుకుంటాయి. వేసవి, శీతకాలాలలో ఆకాశపు పొరల స్వభావం మారుతుంది కనుక ఇలా చేయక తప్పదు. ఆ ఏడు ఆ ఆదివారం అక్టోబరు 28న వచ్చింది. జూన్‌లో నేను దాచిపెట్టిన పౌనఃపున్యం మీద ఆనాటి నుండి బీబీసీ లేదు.

ఇంతకంటె పెద్ద సంగతి ఆ రాత్రి భోజనాల దగ్గర తెలిసింది. స్టేషన్లు ఏటా రెండుసార్లు జరుగుతాయని నాయనకు తెలుసు. తెలియనిది నాకు. ముప్ఫైయేళ్ళకు పైగా ప్రతి అక్టోబరులోను, ప్రతి మార్చిలోను ఆయన ముల్లును అటొక బెత్తెడు, ఇటొక బెత్తెడు మెల్లగా నడిపించి, జరిగిన స్టేషన్‌ను మళ్ళీ పట్టుకుంటూనే ఉన్నాడు. ఈసారి కూడా వెతికాడు. కాని ఈ రేడియోలో వెతకడం ఆయన చేతికి రాలేదు.

ఆ రాత్రి నేను ఆరుబయట కూర్చొని కళ్ళు మూసుకొని ఆ రేడియోతో స్టేషన్ వెతికి చూశాను. అప్పుడు గాని అర్థం కాలేదు. ఇటువంటి సెట్లలో లోపలి చిప్పు ఒక్కొక్క మెట్టుకు మధ్య ధ్వనిని క్షణంపాటు నొక్కేస్తుంది. సంకేతం బలహీనంగా ఉంటే, గరగర వినిపించకూడదనే సదుద్దేశంతో, సౌండును తానే తగ్గించేస్తుంది. కళ్ళున్నవాడు తెరమీద అంకెలు చూసి ముందుకు పోతాడు. చెవితో వెతికేవాడికి మాత్రం ఆ గరగరే దారి. స్టేషన్ దగ్గరపడుతుంటే గరగర రంగు మారుతుంది, ఒక సన్నని ఈల మొదలవుతుంది, ఆ ఈల లావై కరిగి మాట అవుతుంది. బండి రాకను పట్టాల చప్పుడులో పట్టుకున్న చెవికి ఇది ఎంత సహజమైన విద్యో ఆలోచించండి. నేను తెచ్చిన రేడియో ఆ దారిని శుభ్రంగా ఊడ్చివేసింది.

మర్నాడు ప్రొద్దున అసలు మాట నాయన నోట వచ్చింది. "నేనే ఏదో నొక్కి చెడగొట్టిన అనుకున్న. అంత డబ్బు పెట్టి తెస్తివి. నీకెట్ల చెప్పాలె?"

నవంబరులో, డిసెంబరులో ఫోను చేసినప్పుడల్లా "రేడియో ఎలా ఉంది నాయనా" అని అడిగాను. "మంచిగున్నది" అన్నాడు. ఆయనకు వార్తల మీద ఆసక్తి తగ్గిందని, వయసు మీద పడిందని నేను మా అక్కతో అన్నాను కూడా. ఆసక్తి తగ్గలేదు. ఆయన చేతిలో ఉన్న విద్యను తీసేసి, నా చేతిలో ఉన్న సౌకర్యాన్ని పెట్టాను. అది పని చేయకపోతే నేరం తనదేననుకొని ఒక పెద్దమనిషి 11 వారాలు మౌనంగా కూర్చున్నాడు. ఈ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

రెండవ రేడియో ఎంపిక నేను చేయలేదు. ఫిబ్రవరిలో తెలిసినవారి దగ్గర మూడు సెట్లు అడిగి తెచ్చి నాయన ముందు పెట్టాను. రాత్రి దీపాలు ఆర్పి, ఒక్కొక్కటి ఆయన చేతికిచ్చి, ఏమీ చెప్పకుండా ప్రక్కన కూర్చున్నాను. మొదటిదాన్ని రెండు నిమిషాలలో క్రింద పెట్టాడు. ట్యూనింగు చక్రం సెట్టు అంచులో ఇరుక్కుని ఉండడం వలన వేలికి అందలేదు. రెండవదాని గొంతు నచ్చలేదు. మాట కంటె దరువు ఎక్కువగా ఉందన్నాడు. మూడవదానికి ముందువైపున పెద్ద మర ఉన్నది. తిప్పితే ఎక్కడా ఆగకుండా, మెత్తగా నడిచింది. బ్యాండు మార్చే మీట మూడు చోట్ల టక్కుమని నిలిచేది. నాయన అయిదు నిమిషాలపాటు మాట్లాడలేదు. ముల్లును తెలియని గొంతుల మీదుగా నడిపించుకుంటూ పోయి బీబీసీ దగ్గర ఆపాడు. "ఇది చాలు" అన్నాడు.

అది ఒకే అంచెలో దించే చౌక సెట్టు. ప్రతిబింబ స్టేషన్లు దండిగా వస్తాయి. వడపోతలు లేవు, మెమొరీలు లేవు, అంకెల తెర లేదు. నేను చదివిన లెక్కన దాన్ని జాబితాలో చేర్చకూడదు. "నాయనా, దీంట్లో ఒకే స్టేషన్ రెండు చోట్ల పలుకుతుంది, అది లోపం" అన్నాను. "రెండు చోట్ల దొరికితే మంచిదేగా" అన్నాడు. దాని పేరు ఇక్కడ చెప్పడం లేదు. పేరు చెబితే చదివినవారు ఆ పేరే వెతుక్కుంటారు. మా నాయన చేతికి సరిపోయినది మరొకరి చేతికి సరిపోవాలని లేదు. అదే సెట్టు క్రొత్తది కొని, బీబీసీ ఉన్నచోట మర అంచున సైకిల్ ట్యూబు ముక్క ఒకటి అంటించాను. ఆ ముక్క ఋతువు మారినప్పుడల్లా తాను ఊడదీసి మళ్ళీ అంటించుకునేవాడు.

రేడియో కుదిరిన తరువాత ఇల్లు కుదరలేదు. ఇది రెండవ పాఠం. పాత సెట్టు కాలంలో మా ఇంట్లో రెండు బల్బులు, ఒక ఫ్యాను. ఇప్పుడు ఎల్ఈడీ బల్బులు, టీవీ పెట్టె, సెల్‌ఫోను ఛార్జర్లు, ఇన్వర్టరు. వీటిలో చాలా వాటి లోపల కరెంటును సెకనుకు వేలసార్లు తెంపి కలిపే ఏర్పాటు ఉంటుంది. నాసిరకంవైతే ఆ తెంపుల చప్పుడు షార్ట్‌వేవ్, మీడియం వేవ్ రెంటిమీదా బుర్రుమని పరచుకుంటుంది. ఎంత ఖరీదైన రేడియో అయినా దీన్ని దాటలేదు. చాలామంది "మా ఇంట్లో షార్ట్‌వేవ్ రావడం లేదు" అని రేడియో మార్చేది దీనికే. ఉపాయం సులువు. రేడియోను సెల్లుల మీద నడుపుతూ మెయిన్ స్విచ్ తీసేయండి. గరగర తగ్గిందా, దొంగ ఇంట్లోనే ఉన్నట్లు. ఆ తరువాత ఒక్కొక్క స్విచ్చే వేస్తూ పట్టుకోవచ్చు. మా ఇంట్లో దొంగలు ఇద్దరు: వసారాలోని బల్బు, టీవీ పెట్టెకు కరెంటిచ్చే అడాప్టరు. బల్బు మార్చాము. వార్తల వేళకు అడాప్టరు ఊడదీయడం అలవాటు చేశాము.

ఏరియల్ విషయం. షార్ట్‌వేవ్‌కు పనిచేసేది సెట్టు మీద లాగే కడ్డీ. కిటికీ దగ్గరకు తెస్తేనే సగం పని అవుతుంది. ఇంకా కావాలంటే ఆరేడు మీటర్ల రాగితీగ ఒకటి కిటికీ నుండి చెట్టుకు కట్టి, దాని కొసను కడ్డీకి క్లిప్పుతో తగిలించవచ్చు. అంతకంటె పొడవు తీగ చిన్న సెట్లకు మేలు చేయదు. బలమైన స్టేషన్లన్నీ ఒక్కసారిగా లోపలికి వచ్చి కలగాపులగం అవుతాయి. ఉరుములు మొదలయితే మాత్రం తీగ ఊడదీసి తీరాలి. మా అడవి ప్రక్క పిడుగులు తక్కువేమీ కాదు.

మీడియం వేవ్‌కు ఆ కడ్డీతో పని లేదు. సెట్టు లోపల అడ్డంగా ఒక నల్లని ఫెరైట్ కడ్డీ ఉంటుంది. అది తన ప్రక్కల నుండి వచ్చేదాన్ని బాగా వింటుంది. కొసల వైపు నుండి వచ్చేదాన్ని వినదు. అందువలన సెట్టును తిప్పి చూడాలి. మా ఇంట్లో రేడియో పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉంటే 738 మీద హైదరాబాదు గట్టిగా వస్తుంది. దాదాపు తూర్పు పడమరలుగా తిప్పితే 837 మీద విజయవాడ వస్తుంది. ఇంట్లో గోల చేసే వస్తువు ఏ దిక్కున ఉన్నదో ఆ దిక్కుకు కొస చూపిస్తే గోల తగ్గుతుంది. ఇది రేడియోతో వచ్చే పుస్తకాలలో సాధారణంగా కనిపించదు. నాయన మాత్రం ఇదీ ఎప్పుడో పట్టుకున్నాడు. విజయవాడ వినేటప్పుడు సెట్టును గోడవారగా, హైదరాబాదు వినేటప్పుడు గడప వైపుగా పెట్టేవాడు. చిన్నప్పుడు అది నాకు చాదస్తంగా కనిపించేది.

సెల్లుల సంగతి కూడా చెప్పాలి. ఊళ్ళో కిరాణా కొట్లో దొరికే సెల్లులతో నడిచేదే కొనండి. ప్రత్యేకమైన ఛార్జింగు బ్యాటరీ ఉన్న సెట్టు తేలికగా, అందంగా ఉంటుంది. రెండేళ్ళకు ఆ బ్యాటరీ నీరసిస్తే మళ్ళీ దొరకడం కష్టం. పెద్ద సెల్లుల సెట్టు బరువు, కాని నెలల తరబడి నడుస్తుంది. ఆ బరువు వలన గట్టిగా మర తిప్పినా జారదు.

ఇంత శ్రమపడి కొన్న రేడియో మీద నాయన బీబీసీ హిందీని ఒక ఏడాదే వినగలిగాడు. 2020 జనవరి 31, శుక్రవారం, ఆ షార్ట్‌వేవ్ ప్రసారం శాశ్వతంగా ఆగిపోయింది. 1940లో మొదలయిన సేవ అది, ఆయనతో ఒకే ఏడు పుట్టినది. ఆ రాత్రి ఎనిమిదిన్నర దాటాక నేనే ఫోను చేశాను. కొంచెంసేపు ఏమీ అనలేదు. తరువాత, "అయిపోయింది రా. మంచిగనే చెప్పి పోయిన్రు" అన్నాడు.

ఆ మాటలో ఫిర్యాదు లేదు. ఒక స్టేషన్ ఆగిపోవడం వేరు, ఉన్న స్టేషన్‌ను తానే పోగొట్టుకున్నాననుకోవడం వేరు. మొదటిదాన్ని మనిషి భరించగలడు. 2018 చలికాలంలో నేను ఆయనకు రెండవదాన్ని ఇచ్చాను. 2020లో ఆయన చెయ్యి మర మీదనే ఉంది, చివరి మాట దాకా విన్నాడు. తరువాత ముల్లును తానే విజయవాడ వైపు తిప్పుకున్నాడు.

షార్ట్‌వేవ్ మీద ఇప్పుడు ఏమున్నదని మిత్రుడు అడుగుతాడని తెలుసు. పూర్వమంత లేదు. తెలుగుకు మరీ తక్కువ. ఆ ఒక్క బ్యాండు కోసమే డబ్బు పెట్టేటట్లయితే, కొనే ముందు ఎవరిదైనా సెట్టు అడిగి తెచ్చి, మీ ఇంట్లో మీరు వినే వేళకు ఏమి వస్తున్నదో ఒక వారం విని చూడండి. మీడియం వేవ్, ఎఫ్‌ఎం బాగా పలికే సెట్టులో షార్ట్‌వేవ్ కూడా ఉంటే మేలు. షార్ట్‌వేవ్ మాత్రమే గొప్పగా ఉన్న సెట్టు ఇంటి పనికి రాదు.

కనుక మిత్రమా, నీ ప్రశ్నకు నా జవాబు ఇది. ఎవరు వింటారో ముందు చెప్పు. వాళ్ళ వేలు ఎంత లావు, చూపు ఎంత, స్టేషన్‌ను అంకెతో వెతుకుతారా, చెవితో వెతుకుతారా? స్టేషన్లు జరిగిన రోజున నీవు ప్రక్కన లేకపోతే వాళ్ళంతట వాళ్ళు మళ్ళీ పట్టుకోగలరా? ఇవి తెలిశాక రెండంచెలూ, వడపోతలూ మాట్లాడుకుందాం. కొనే రోజున దీపాలు ఆర్పి, సెట్టును వినేవారి చేతికిచ్చి, నీవు నోరు మూసుకొని ప్రక్కన కూర్చో.

నేను మొదట కొన్న రేడియో ఇప్పుడు నా దగ్గరే ఉంది. మంచి రేడియో. అక్టోబరు, మార్చి నెలల చివరి ఆదివారాలు దాని ఒకటవ బొత్తాన్ని నేను మళ్ళీ సరిచేసుకుంటూ ఉంటాను. మిగిలిన వందల మెమొరీలు ఖాళీగానే ఉన్నాయి.